కర్మాగారపు మంటకు ఊరి ఫైరింజన్ చాలదు

మంట కనబడితే నీళ్లు కొట్టాలని పిల్లలకు కూడా తెలుసు. చమురు శుద్ధి కర్మాగారంలో ఆ తెలివే ఒక్కోసారి ప్రాణాల మీదికి తెస్తుంది. అక్కడ ఎల్‌పీజీ పైపు చీలి మండుతుంటే ముందు చేయాల్సింది వాల్వు మూయడం. అది మూతపడే దాకా మంటను మండనిస్తూ, పక్కనున్న ట్యాంకులు వేడెక్కకుండా వాటి మీద నీళ్లు కురిపించాలి. తొందరపడి మంటను ఆర్పేస్తే కారే గ్యాస్ ఆగదు. గాలికన్నా బరువైన ఆ ఆవిరి నేలబారున పాకి, ఏ మోటారు స్విచ్ దగ్గరో లారీ ఇంజన్ దగ్గరో అంటుకుని ఒక్కసారిగా పేలుతుంది. ఏ మంటను ఆర్పాలో, దేన్ని మండనివ్వాలో తెలిసినవారు మొదటి నిమిషాల్లోనే అక్కడ ఉండాలి. పారిశ్రామిక అగ్నిమాపక సేవ అంటే అదే. మన తీరంలో కర్మాగారాలు పెరిగినంతగా ఆ సేవ పెరగలేదు.

ఈ మాట విశాఖపట్నానికి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. 1997 సెప్టెంబరు 14 ఉదయం అక్కడి హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో లీకైన ఎల్‌పీజీ మేఘంలా కమ్ముకుని అంటుకుంది. గోళాకార ట్యాంకులు పేలాయి. 60 మంది దాకా చనిపోయారు. వేలమంది కట్టుబట్టలతో ఇళ్లు వదిలి పరుగు తీశారు. 2013 ఆగస్టులో అదే రిఫైనరీలో కూలింగ్ టవర్ దగ్గర జరిగిన ప్రమాదం 20 మందికి పైగా బలి తీసుకుంది. 2016 ఏప్రిల్‌లో దువ్వాడ సెజ్‌లో బయోడీజిల్ ట్యాంకులు తగలబడినప్పుడు జిల్లా ఫైరింజన్లు చాలక నౌకాదళం సాయం తీసుకోవలసి వచ్చింది. 2024 ఆగస్టులో అచ్యుతాపురం ఫార్మా కర్మాగారంలో సాల్వెంట్ ఆవిరి పేలి 17 మంది, 2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా కార్మికులు చనిపోయారు.

ప్రతిసారీ పరిహారం ప్రకటించారు, కమిటీ వేశారు, తనిఖీలకు ఆదేశాలిచ్చారు. ప్రమాదం ఎలా మొదలైందన్న ప్రశ్నకు ఆ కమిటీలు జవాబు వెతికాయి. అది అవసరమే. కానీ మంట లేచాక దాన్ని ఎదుర్కోవలసింది ఎవరు, వారి చేతిలో ఏముంది, ఎన్ని నిమిషాల్లో చేరగలరు అన్న ప్రశ్నను ఇంత గట్టిగా ఎవరూ అడగలేదు. ఆ ప్రశ్నకు ఏ ఒక్క కర్మాగారమూ ఒంటరిగా జవాబు చెప్పజాలదు. ప్రాంతంలోని పరిశ్రమలన్నీ కలిసి ఖర్చు భరించి, ప్రభుత్వ అజమాయిషీలో ఒకే అగ్నిమాపక దళాన్ని నిలబెట్టుకోవడమే మార్గం.

లెక్క వేసి చూద్దాం

ఒక పెద్ద క్రూడాయిల్ ట్యాంకు అడ్డకొలత 80 మీటర్లు అనుకుందాం. పైకప్పు కూలిపోయి నూనె ఉపరితలమంతా మండుతుంటే, ఆ మండే ఉపరితలం సుమారు 5,000 చదరపు మీటర్లు, అంటే ఎకరం పావు. దాన్ని నీళ్లతో ఆర్పలేం. నీరు నూనెకన్నా బరువు కనుక అడుగుకు దిగిపోతుంది. ఫోమ్ అనే నురుగును దుప్పటిలా కప్పి, మంటకు గాలి అందకుండా చేయాలి. మానిటర్లనే పెద్ద నీటి ఫిరంగులతో దూరం నుంచి కొట్టేటప్పుడు చదరపు మీటరుకు నిమిషానికి కనీసం 6.5 లీటర్ల చొప్పున 65 నిమిషాలపాటు నురుగు ద్రావణం పడాలన్నది అంతర్జాతీయంగా పాటించే లెక్క. అంటే నిమిషానికి దాదాపు 32,000 లీటర్లు, మొత్తం 21 లక్షల లీటర్లు. అందులో మూడు శాతం ఫోమ్ గాఢద్రవం కలపాలంటే 63,000 లీటర్లు, అంటే 200 లీటర్ల డ్రమ్ములు మూడు వందలకు పైగా కావాలి.

మన ఊళ్లో కనిపించే మామూలు వాటర్ టెండర్‌లో పట్టే నీరు 4,500 లీటర్లు. ఆ ట్యాంకు మీద ఒక్క నిమిషం నురుగు కొట్టడానికి ఏడు ఫైరింజన్ల నీరు ఖాళీ అవుతుంది. పైగా నురుగు ధార మధ్యలో ఆగకూడదు. అరగంట కొట్టి ఫోమ్ అయిపోయిందని ఆపితే, కప్పిన దుప్పటి వేడికి చిట్లిపోయి మంట మళ్లీ మొదటికొస్తుంది; అప్పటిదాకా కొట్టినదంతా వృథా. అందుకే ఈ పని తెలిసినవారు కావలసినంత ఫోమ్, పంపులు, గొట్టాలు చేరే దాకా దాడి మొదలుపెట్టరు. అంతవరకు పక్క ట్యాంకులను చల్లబరుస్తూ కాచుకుంటారు.

అమెరికాలోని లూసియానా రాష్ట్రం నార్కోలో 2001 జూన్‌లో ఓరియన్ రిఫైనరీ పెట్రోలు ట్యాంకు అంటుకుంది. దాని అడ్డకొలత 270 అడుగులు. టెక్సాస్‌కు చెందిన విలియమ్స్ ఫైర్ అనే ప్రత్యేక సంస్థ బృందం రంగంలోకి దిగి గంటల తరబడి సన్నాహాలు చేసింది. భారీ మానిటర్లను నిలబెట్టి, ధార ట్యాంకులో ఎక్కడ పడాలో, నురుగు అక్కడి నుంచి ఎటు పాకాలో ముందే లెక్క వేసుకుంది. దాడి మొదలుపెట్టాక 65 నిమిషాల్లో మంట ఆరింది. అంత పెద్ద ట్యాంకు మంటను ఆర్పడం అంతకుముందు ఎన్నడూ జరగలేదు. ఆ ఫలితం వెనక ఉన్నది సాధన, సమీపంలో సిద్ధంగా ఉన్న సామగ్రి.

అవి లేనిచోట ఏమవుతుందో 2017 అక్టోబరులో ముంబయి తీరంలోని బుచర్ ఐలాండ్‌లో చూశాం. పిడుగు పడి అంటుకున్న డీజిల్ ట్యాంకు రోజుల తరబడి మండింది. 1995లో కోనసీమ పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి 65 రోజులు మండింది. దాన్ని అదుపు చేయడానికి విదేశీ నిపుణులను పిలిపించవలసి వచ్చింది. పాతికేళ్ల తర్వాత 2020లో అస్సాంలోని బాఘ్‌జాన్ బావి దగ్గర కూడా విదేశీ బృందం కోసమే చూశాం. అక్కడ మంటలు లేచినప్పుడు ఆయిల్ ఇండియా అగ్నిమాపక సిబ్బంది ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు.

తెలియనితనానికి చెల్లించిన మూల్యం

సామగ్రి ఉన్నా, మండుతున్నదేమిటో తెలియకపోతే ఆర్పడానికి వెళ్లినవారే ముందు బలవుతారు. ఫ్రాన్స్‌లోని ఫెజాన్ రిఫైనరీలో 1966 జనవరి 4న ప్రొపేన్ గోళం కింద మంట లేచింది. సేఫ్టీ వాల్వు తెరుచుకుంది కనుక ఆ గోళానికి భయం లేదనుకుని, సిబ్బంది పక్క గోళాలను చల్లబరచడం మీదే దృష్టి పెట్టారు. ద్రవం పైన ఉన్న ఉక్కు గోడ మాత్రం మంటకు మెత్తబడిపోతూనే ఉంది. లోపలి ఒత్తిడి అదుపులో ఉన్నా, మెత్తబడిన ఉక్కు దాన్ని కూడా మోయలేదు. గోళం పేలి 18 మంది చనిపోయారు. వారిలో 11 మంది అగ్నిమాపక సిబ్బంది.

వెనెజువెలాలోని టకోవాలో 1982 డిసెంబరు 19న ఒక విద్యుత్ కేంద్రం చమురు ట్యాంకు గంటల తరబడి మండింది. మంట ట్యాంకు దాటి రావడం లేదు కదా అని సిబ్బంది, విలేఖరులు, చుట్టుపక్కల జనం దగ్గరగానే ఉన్నారు. అలాంటి ట్యాంకు అడుగున కొంత నీరు చేరి ఉంటుంది. పైన కాలిన బరువు నూనె వేడి పొరగా మారి మెల్లగా కిందికి దిగుతుంది. ఆ పొర నీటిని తాకగానే నీరు ఆవిరై పదిహేడు వందల రెట్లు ఉబ్బి, పైనున్న మండే నూనెనంతా ఆకాశానికి చిమ్ముతుంది. టకోవాలో అదే జరిగి 150 మందికి పైగా చనిపోయారు. ఆ వేడి పొర ఎంత లోతుకు దిగిందో ట్యాంకు గోడ మీద నీళ్లు చల్లి, అవి ఎక్కడ ఆవిరవుతున్నాయో చూసి చెప్పవచ్చు. నేర్పితే వచ్చే విద్య అది.

2015 ఆగస్టు 12న చైనాలోని తియాన్‌జిన్ రేవు గోదాములో మంటలు లేచాయి. ఏ కంటెయినర్‌లో ఏ రసాయనం ఉందో తెలియకుండానే అగ్నిమాపక దళాలు లోపలికి వెళ్లాయి. మృతులు, గల్లంతైనవారు కలిపి 173 మంది. వారిలో 104 మంది ఆర్పడానికి వెళ్లినవారే. మన పరవాడ, అచ్యుతాపురం, జీడిమెట్ల, పాశమైలారంలలో అర్ధరాత్రి ఏదైనా కర్మాగారం నుంచి ఫోను వస్తే, బయల్దేరే ఫైర్ ఆఫీసర్ దగ్గర ఆ కర్మాగారంలోని రసాయనాల జాబితా ఉండాలి. దాన్ని గేటు దగ్గరి సెక్యూరిటీ గార్డును అడిగి తెలుసుకోవలసి వస్తే తియాన్‌జిన్ ఇక్కడా జరుగుతుంది.

జైపూర్ నేర్పిన పాఠం

2009 అక్టోబరు 29 సాయంత్రం జైపూర్ శివార్లలోని ఇండియన్ ఆయిల్ టెర్మినల్‌లో పెట్రోలు మళ్లిస్తుండగా వాల్వు దగ్గర లీకైంది. దగ్గరున్నవారు ఆవిరికి సొమ్మసిల్లారు. గంటకు పైగా పెట్రోలు చిమ్ముతూనే ఉంది. ఆ మేఘం అంటుకుని పేలింది, టెర్మినల్‌లోని ట్యాంకులన్నీ మండాయి. 11 మంది చనిపోయారు. దగ్గరికి వెళ్లే వీలు లేక, ఇంధనమంతా కాలిపోయే దాకా మండనివ్వడం తప్ప గత్యంతరం లేకపోయింది. మంటలు పూర్తిగా చల్లారడానికి 11 రోజులు పట్టింది.

ఎం.బి.లాల్ కమిటీ తేల్చిన మూల కారణాలు మూడు. ఆ టెర్మినల్‌కు తగినట్టు రాసి పెట్టుకున్న పని పద్ధతి లేదు. లీకును దూరం నుంచి ఆపే సాధనం లేదు. ముంచుకొచ్చే ప్రమాదం ఎంతటిదో అక్కడివారికి అవగాహన లేదు. నాలుగేళ్ల ముందు, 2005 డిసెంబరు 11న ఇంగ్లండ్‌లోని బన్స్‌ఫీల్డ్ డిపోలో దాదాపు ఇదే జరిగింది. గేజీ మొరాయించి, ట్యాంకు నిండి పొర్లి, ఆవిరి పేలింది. అక్కడ ఏడున్నర లక్షల లీటర్లకు మించి ఫోమ్ గాఢద్రవం వాడవలసి వచ్చింది. దేశం నలుమూలల నుంచి దాన్ని తెప్పించగలిగారు కనుక నాలుగైదు రోజుల్లో ఆర్పగలిగారు. ఒకే రకం ప్రమాదం తర్వాత ఒక దేశంలో మంటను ఆర్పడం కుదిరింది, మన దగ్గర కాలిపోనివ్వడమే మిగిలింది. తేడా తెచ్చింది పోగుచేసి పెట్టుకున్న సామగ్రి, దాన్ని నడిపించిన ఏర్పాటు.

జైపూర్ తర్వాత మన చమురు పరిశ్రమ చాలా మారిందన్నది నిజం, ఆ మాట ఒప్పుకోవాలి. దూరం నుంచి మూసే వాల్వులు, ట్యాంకు అంచుల్లో వేడిని పసిగట్టే పరికరాలు, ఎక్కువ దూరం కొట్టే భారీ మానిటర్లు వచ్చాయి. చమురు పరిశ్రమ భద్రతా డైరెక్టరేట్ ప్రమాణాలు కఠినమయ్యాయి. భారీ మంటలకు వెళ్లేందుకు చమురు సంస్థలు కలిసి అత్యవసర ప్రతిస్పందన కేంద్రాలు పెట్టుకోవాలని కూడా లాల్ కమిటీ చెప్పింది. కానీ ఈ ప్రమాణాలు చమురు సంస్థల వరకే. సాల్వెంట్లు నిల్వచేసే ఫార్మా యూనిట్‌కు, స్టైరీన్ నిల్వ చేసుకున్న ప్లాస్టిక్ కర్మాగారానికి అవి వర్తించవు. 2020 మే 7న విశాఖలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది చనిపోయినప్పుడు, 36 చోట్ల మీటలు ఉన్నా సైరన్ మోగలేదని ప్రభుత్వ కమిటీ తేల్చింది. సామగ్రి ఉండి, దాన్ని వాడే అలవాటు లేకపోతే ఫలితం అలాగే ఉంటుంది.

కలిసి కట్టుకున్న దళాలు

ఐరోపాలోని అతి పెద్ద రేవు రోటర్‌డ్యామ్‌లో రిఫైనరీలు, రసాయన కర్మాగారాలు మైళ్ల పొడవునా ఉన్నాయి. ఒకప్పుడు అక్కడ ఏ కంపెనీకి ఆ కంపెనీ ఫైర్ సిబ్బందిని పెట్టుకునేది. తర్వాత కంపెనీలు, స్థానిక ప్రభుత్వం కలిసి ఉమ్మడి అగ్నిమాపక దళాన్ని ఏర్పాటు చేసుకున్నాయి. సభ్యత్వం తీసుకున్న కంపెనీలు దాని ఖర్చులో వాటా భరిస్తాయి. రేవు పొడవునా స్టేషన్లు ఉన్నాయి. ఆ సిబ్బంది ఎప్పుడూ రసాయన మంటల మీదే సాధన చేస్తారు. ఏ కర్మాగారంలో ఏముందో వారికి ముందే తెలుసు.

అమెరికాలో హ్యూస్టన్ ఓడకాలువ వెంట ఉన్న పరిశ్రమలు దశాబ్దాలుగా పరస్పర సహాయ సంఘాన్ని నడుపుతున్నాయి. సింగపూర్‌లో నిర్ణీత పరిమాణానికి మించి మండే ద్రవాలు నిల్వచేసే సంస్థలు సొంత అత్యవసర బృందాన్ని పెట్టుకోవడం చట్టప్రకారం తప్పనిసరి. ఇంత ఉన్నా ప్రమాదాలు పూర్తిగా ఆగవు. హ్యూస్టన్ దగ్గర డీర్‌పార్క్ టెర్మినల్‌లో 2019 మార్చిలో ట్యాంకులు రోజుల తరబడి మండాయి. దూరం నుంచి మూసే వాల్వులు లేకపోవడం ఒక ముఖ్య కారణమని విచారణలో తేలింది. ఆర్పే దళం ఎంత గొప్పదైనా, లీకును ఆపే వాల్వు లేనిచోట దాని శక్తి సగమవుతుంది.

మన దేశంలో కూడా ఈ ఆలోచన కొత్తేమీ కాదు. నవీ ముంబయి, థానే పారిశ్రామిక వాడల్లో మార్గ్ పేరుతో పరస్పర సహాయ బృందాలున్నాయి. భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత 1996లో వచ్చిన రసాయన ప్రమాదాల నిబంధనలు రాష్ట్రం, జిల్లా, స్థానిక స్థాయుల్లో సంక్షోభ బృందాలు ఉండాలన్నాయి. కానీ మాట సాయం, కాగితం మీది ఒప్పందం వేరు. ఇరవై నాలుగు గంటలూ సిద్ధంగా ఉండే దళం వేరు. ప్రమాదం జరిగాక పక్క కంపెనీకి ఫోను చేసి, వారి మేనేజరు అనుమతి తీసుకుని, వారి ఫోమ్ మన మానిటర్‌కు సరిపోతుందో లేదో చూసుకునేసరికి ట్యాంకు కప్పు కూలిపోతుంది.

చేయాల్సిన పనులు

విశాఖ రిఫైనరీ సామర్థ్యాన్ని ఏటా 83 లక్షల టన్నుల నుంచి కోటిన్నర టన్నులకు పెంచే పని చేపట్టారు. అదే నగరంలో భూగర్భ గుహల్లో 60,000 టన్నుల ఎల్‌పీజీ, 13.3 లక్షల టన్నుల క్రూడ్ నిల్వచేసే వీలుంది. అక్కడి నుంచి కాకినాడ దాకా పెట్రో రసాయనాల ప్రాంతం కోసం 2009లోనే ఒప్పందం కుదిరింది. రామాయపట్నం దగ్గర మరో భారీ రిఫైనరీ ప్రతిపాదన ఉంది. ఈ పెట్టుబడులను స్వాగతిస్తున్న ప్రభుత్వం, వాటితోపాటే ఒక ఉమ్మడి పారిశ్రామిక అగ్నిమాపక దళాన్ని షరతుగా పెట్టాలి. విశాఖ, అనకాపల్లి, కాకినాడ జిల్లాలకు ఒకటి, హైదరాబాద్ చుట్టూ ఉన్న ఫార్మా, రసాయన వాడలకు మరొకటి కావాలి.

ఖర్చును నిల్వల పరిమాణాన్ని, ప్రమాద స్థాయిని బట్టి పంచాలి. ఎక్కువ నిల్వ చేసేవారు ఎక్కువ ఇవ్వాలి. చిన్న ఫార్మా యూనిట్ సొంతంగా ఫోమ్ టెండర్ కొనలేదు. ఉమ్మడి దళంలో చేరితే తక్కువ వాటాతో దానికీ అదే రక్షణ దొరుకుతుంది. ప్రతి కర్మాగారంలోని రసాయనాలు, వాటి నిల్వలు, వాల్వుల స్థానాలు, ట్యాంకుల చుట్టూ కట్టే డైక్ గోడల కొలతలు దళం దగ్గర ముందే ఉండాలి, మారినప్పుడల్లా మారుతుండాలి. ఫోమ్ ఎక్కడ ఎంత ఉందో, దాని గడువు ఎప్పుడు తీరుతుందో ఒకే జాబితాలో కనబడాలి.

మంటను ఆర్పిన నీళ్ల సంగతి కూడా ముందే ఆలోచించాలి. 1986 నవంబరులో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ దగ్గర సాండోజ్ గోదాము మంటలను ఆర్పిన నీరు రైన్ నదిలో కలిసి చేపలు కుప్పలుగా చచ్చిపోయాయి. బన్స్‌ఫీల్డ్‌లో ఫోమ్‌లోని ఫ్లోరిన్ రసాయనాలు భూగర్భ జలాల్లోకి చేరాయి. అవి ఎన్నేళ్లయినా విచ్ఛిన్నం కావు. అందుకే ప్రపంచం ఫ్లోరిన్ లేని ఫోమ్‌కు మారుతోంది. మన మత్స్యకార గ్రామాల పక్కన కర్మాగారాలు పెట్టినప్పుడు, అంత మురికినీటిని పట్టే చెరువు లేకుండా అనుమతి ఇవ్వకూడదు.

అన్నిటికన్నా ముఖ్యం మనుషులు. ఏటేటా వచ్చే షట్‌డౌన్ పనుల్లో వెల్డింగ్ చేసేవారూ, పక్కన నిప్పును కనిపెట్టే ఫైర్ వాచ్‌గా నిలబడేవారూ ఎక్కువగా కాంట్రాక్టు కార్మికులే. ట్యాంకులో మిగిలిన ఆవిరి గురించి, గ్యాస్ పరీక్ష గురించి వారికి వారి భాషలో చెప్పాలి. ఒడిశా, బిహార్ నుంచి వచ్చిన కార్మికుడికి తెలుగు బోర్డు అక్కరకు రాదు. అగ్నిమాపక సిబ్బందిని టెండరులో అందరికన్నా తక్కువ ధర రాసిన ఏజెన్సీకి అప్పగించి, ఏటా మార్చడం మానాలి. పదేళ్లు ఒకే కర్మాగారాన్ని చూసిన ఫైర్‌మన్‌కు అక్కడి ప్రతి వాల్వూ తెలిసి ఉంటుంది. ఆ తెలివిని టెండరుతో కొనలేం. అతనికి స్థిరమైన ఉద్యోగం, సరైన శ్వాస పరికరం, నిజమైన మంట మీద శిక్షణ, బీమా ఇవ్వాలి.

కర్మాగారం గోడ అవతల ఉన్న ఊరినీ కలుపుకోవాలి. సైరన్ ఏ శబ్దంతో మోగితే ఎటు వెళ్లాలో, గాలి ఎటు వీస్తే ఏ దారి పట్టాలో విశాఖ రిఫైనరీ పక్కనున్న మల్కాపురం వాళ్లకు, పరవాడ వాళ్లకు ఏటా చెప్పి, చేయించి చూపించాలి. ఈ మాక్‌డ్రిల్స్ పగటిపూట, అధికారులు వచ్చిన రోజున జరిగితే చాలదు. అర్ధరాత్రి, మూడో షిఫ్ట్‌లో, వానలో కూడా జరపాలి. 1997 ప్రమాదం ఒక ఆదివారం తెల్లవారాక జరిగింది, 2020 స్టైరీన్ లీకు తెల్లవారుజామున జరిగింది.

రాష్ట్రాల అగ్నిమాపక సేవల ఆధునికీకరణకు 15వ ఆర్థిక సంఘం సిఫార్సుతో కేంద్రం 5,000 కోట్ల రూపాయల పథకం తెచ్చింది. ఆ నిధుల్లో కొంత, కర్మాగారాల వాటా కలిస్తే ఈ దళాలకు పునాది పడుతుంది. ఏటా ఏప్రిల్ 14న, 1944లో బొంబాయి విక్టోరియా డాక్‌లో ప్రాణాలిచ్చిన 66 మంది అగ్నిమాపక సిబ్బందిని దేశం స్మరించుకుంటుంది. ఆ రోజున పుష్పగుచ్ఛాలు పెట్టే రెండు తెలుగు ప్రభుత్వాలను, ఫోటోలు దిగే కంపెనీ యాజమాన్యాలను ఒక్కటే కోరుతున్నాం. ఉమ్మడి దళం ఒప్పందం మీద ఈ ఏడాది సంతకాలు చేయండి. మరో ప్రమాదం జరిగాక చేసే సంతకం చనిపోయినవారికి ఎలాగూ ఉపయోగపడదు.